బ్రేక్ తొక్కితే కుడి వెనక లైటు ఆరిపోతోంది, కుడి ఇండికేటర్ బ్లింక్ అవడం లేదు – 1970 షెవెల్

షెవెల్_70
అందరికీ నమస్కారం. నాది 1970 షెవర్లే షెవెల్. ఇంజన్, గేర్‌బాక్స్ అన్నీ బాగున్నాయి. వెనక బంపర్‌కి కొత్తగా క్రోమ్ వేయించి బిగించిన దగ్గర నుంచి లైట్లతో తలనొప్పిగా ఉంది. జరుగుతున్నదంతా రాస్తాను, దయచేసి ఓపికగా చదవండి.

పగలు లైట్లన్నీ ఆపి ఉన్నప్పుడు ఎడమ ఇండికేటర్ వేస్తే ముందూ వెనకా చక్కగా బ్లింక్ అవుతోంది. కుడి ఇండికేటర్ వేస్తే ముందు లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. డ్యాష్‌బోర్డ్‌లో బాణం గుర్తు కూడా ఆరదు. వెనక కుడి లైటు గుడ్డిగా వెలుగుతుంది. బ్రేక్ తొక్కినా అంతే, ఎడమ లైటు గట్టిగా, కుడిది గుడ్డిగా.

రాత్రి అయితే ఇంకా వింత. హెడ్‌లైట్లు వేస్తే వెనక రెండు లైట్లూ మామూలుగానే వెలుగుతాయి. అప్పుడు బ్రేక్ తొక్కితే ఎడమది ప్రకాశంగా అవుతుంది, కుడిది మాత్రం పూర్తిగా ఆరిపోతుంది! పెడల్ వదలగానే మళ్లీ వెలుగుతుంది.

బల్బు మార్చాను. ఇండికేటర్‌ని బ్లింక్ చేయించే ఫ్లాషర్ మార్చాను. తేడా లేదు. స్టీరింగ్ లోపల ఉండే ఇండికేటర్ స్విచ్ పోయి ఉంటుందని ఒక మెకానిక్ అన్నారు. స్టీరింగ్ విప్పడం అంటే నాకు టెన్షన్‌గా ఉంది. విప్పక తప్పదా?

నట్టు_బోల్టు
నాకూ స్విచ్ మీదే అనుమానం. ఈ కార్లలో వెనక బ్రేక్ లైటుకీ ఇండికేటర్‌కీ ఒకే ఫిలమెంట్. అందుకని బ్రేక్ కరెంటు నేరుగా వెనక్కి పోదు, ముందు స్టీరింగ్ కాలమ్‌లోని ఇండికేటర్ స్విచ్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి కుడికీ ఎడమకీ చీలుతుంది. స్విచ్‌లో ఒక కాంటాక్ట్ అరిగితే ఆ వైపు బ్రేకూ ఇండికేటరూ రెండూ దెబ్బతింటాయి. మీకు రెండూ కుడివైపే పోయాయి కదా.

తీగల_లెక్క
నట్టు_బోల్టు గారు చెప్పిన దారి నిజమే, కానీ స్టీరింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. స్విచ్ కాంటాక్ట్ పోతే బ్రేక్ తొక్కినప్పుడు లైటు పెరగదు, అంతే. వెలుగుతున్న టెయిల్ లైటు ఆరిపోదు. ఆరిపోతోంది అంటే కథ వేరే ఉంది.

మూడు విషయాలు చూసి చెప్పండి. ఒకటి, హజార్డ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి బ్లింక్ అయ్యేది) వేస్తే నాలుగు మూలలా ఏం జరుగుతోంది? రెండు, మీరు మార్చిన బల్బు నంబర్ ఎంత? దాని పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉన్నాయా? మూడు, కుడి బల్బు హోల్డర్ లోపల తుప్పు గానీ తెల్లటి పొడి గానీ కనిపిస్తోందా?

షెవెల్_70
హజార్డ్ వేస్తే ముందు రెండూ, వెనక ఎడమదీ బాగా బ్లింక్ అవుతున్నాయి. వెనక కుడిది కూడా ఆ లయలోనే ఆరి వెలుగుతోంది, కానీ గుడ్డిగా. బల్బు 1157. పిన్నులు ఎత్తు తేడాగా ఉన్నాయి. హోల్డర్ లోపల శుభ్రంగానే ఉంది, ఇత్తడి కాంటాక్టులు రెండూ మెరుస్తున్నాయి.

రెండో_గేర్
పిన్నుల సంగతి ఎందుకు అడిగారో నాకూ తెలుసుకోవాలని ఉంది. నా కారులో 1156, 1157 రెండూ వాడతారు.

తీగల_లెక్క
1156లో ఒకే ఫిలమెంట్, అడుగున ఒకే కాంటాక్ట్, పిన్నులు సమానం. 1157లో రెండు ఫిలమెంట్లు, అడుగున రెండు చుక్కలు, పిన్నులు ఎగుడుదిగుడు. తిరగేసి పెట్టడానికి వీల్లేకుండా అలా చేశారు. పాత హోల్డర్ వదులై ఉంటే 1156ని బలవంతంగా 1157 హోల్డర్‌లో దూర్చేయొచ్చు. అప్పుడు దాని అడుగున ఉన్న ఆ ఒక్క చుక్క రెండు కాంటాక్టులనీ కలిపేస్తుంది. బ్రేక్ తొక్కితే టెయిల్ లైట్ల లైనంతా వెలుగుతుంది, డ్యాష్‌బోర్డ్ లైట్లు కూడా. వింత లక్షణాలు కనిపిస్తే ముందు బల్బు చేతిలోకి తీసుకుని చూడమనేది అందుకే.

షెవెల్_70 గారూ, మీ బల్బు సరైనదే. ఇక మీ హజార్డ్ జవాబు చాలా పనికొచ్చింది. హజార్డ్‌కీ ఇండికేటర్‌కీ ఫ్లాషర్లు వేరు, కరెంటు వచ్చే ఫ్యూజులు వేరు. బల్బులు, వెనక్కి పోయే తీగలు, ఎర్త్ (కరెంటు కారు లోహం గుండా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి పోయే దారి) మాత్రం రెండిటికీ ఒకటే. హజార్డ్‌లో కూడా కుడి వెనక గుడ్డిగానే ఉందంటే ఇండికేటర్ ఫ్లాషర్ తప్పేమీ లేదు. బ్రేక్, ఇండికేటర్, హజార్డ్, మూడు పనుల్లోనూ ఒకే లైటు ఒకేలా తప్పుతోంది. మూడిటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ లైటు దగ్గరే ఉంది.

నా లెక్క: ఆ లైటుకి ఎర్త్ లేదు. తగ్గడం కాదు, దాదాపు పూర్తిగా పోయింది.

షెవెల్_70
ఎర్త్ లేకపోతే హెడ్‌లైట్లు వేసినప్పుడు కుడి టెయిల్ లైటు ఎలా వెలుగుతోంది సార్? అదే నాకు అర్థం కావడం లేదు. అందుకే ఎర్త్ బాగుందని అనుకున్నాను.

తీగల_లెక్క
మంచి ప్రశ్న. దీని దగ్గరే చాలామంది దారి తప్పుతారు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1157లో రెండు ఫిలమెంట్లున్నాయి. చిన్నది టెయిల్ లైటుకి, సుమారు 8 వాట్లు. పెద్దది బ్రేకుకీ ఇండికేటర్‌కీ, సుమారు 27 వాట్లు. రెండిటికీ ఒక కొస విడివిడిగా అడుగున ఉన్న చుక్కలకి, రెండో కొస కలిపి బల్బు ఇత్తడి ఒంటికి అతికి ఉంటుంది. ఆ ఒళ్లు హోల్డర్‌ని తాకి ఎర్త్ అవ్వాలి.

ఇప్పుడు ఆ ఎర్త్ తెగిందనుకోండి. హెడ్‌లైట్లు వేశారు. కరెంటు చిన్న ఫిలమెంట్‌లోకి వచ్చింది, ఎర్త్‌కి పోదామంటే దారి లేదు. కానీ పెద్ద ఫిలమెంట్ తెరిచే ఉంది. దాని గుండా వెనక్కి, కుడి వైపు తీగ పట్టుకుని ఇండికేటర్ స్విచ్ దాకా పోతుంది. లీవర్ మధ్యలో ఉన్నప్పుడు ఆ స్విచ్‌లో కుడి, ఎడమ తీగలు రెండూ బ్రేక్ తీగకి కలిసే ఉంటాయి. కాబట్టి అక్కడి నుంచి ఎడమ లైటు పెద్ద ఫిలమెంట్‌లోకి దిగి, ఎడమ ఎర్త్ పట్టుకుంటుంది. పెద్ద ఫిలమెంట్లకి నిరోధం బాగా తక్కువ, అందుకే మీ కుడి టెయిల్ లైటు మామూలుగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. అది ఎడమ లైటు ఎర్త్ అరువు తెచ్చుకుని వెలుగుతోంది!

అప్పుడు బ్రేక్ తొక్కారు. పెద్ద ఫిలమెంట్ తీగలోకి కూడా 12 వోల్టులు వచ్చాయి. చిన్న ఫిలమెంట్ వైపూ 12, పెద్ద ఫిలమెంట్ వైపూ 12. రెండు వైపులా సమానమైతే కరెంటు ఎటు పోతుంది? ఎటూ పోదు. లైటు ఆరిపోతుంది. మీరు రాత్రి చూస్తున్నది అదే.

పగటి సంగతి దీనికి తిరగేసి. బ్రేక్ కరెంటు పెద్ద ఫిలమెంట్‌లోంచి చిన్న ఫిలమెంట్‌లోకి ఎదురెక్కి, టెయిల్ లైన్ మీదున్న మిగతా చిన్న బల్బుల ద్వారా ఎర్త్ అవుతుంది. అన్ని బల్బులు పంచుకోవడం వల్ల వాటిలో వెలుగు కంటికి కనిపించదు. మీ కుడి లైటులోని చిన్న ఫిలమెంట్ మాత్రం గుడ్డిగా వెలుగుతుంది.

పాత_ఇంజన్
తీగల_లెక్క అన్నా, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఫ్లాషర్ ఎందుకు ఆగిపోతోందో కూడా చెప్పేయండి, అది కూడా దీనికే ముడిపడి ఉంది కదా.

తీగల_లెక్క
అవును. పాత రెండు కాళ్ల ఫ్లాషర్‌లో రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. కరెంటు పోతుంటే వేడెక్కి వంగుతుంది, కాంటాక్ట్ విడుతుంది, చల్లారి మళ్లీ కలుస్తుంది. ఒక వైపు ముందు వెనక బల్బులు రెండూ సరిగా వెలిగితే దాదాపు 4 ఆంపియర్లు. ఆ వేడికి సరిపోయేలా దాన్ని తయారుచేశారు. వెనక బల్బు సరిగా తాగకపోతే కరెంటు సుమారు రెండున్నరకి పడిపోతుంది, పట్టీ వంగేంత వేడెక్కదు, ముందు లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. షెవెల్_70 గారి ఫ్లాషర్ తన పని తాను చేస్తోంది. బ్లింక్ ఆగడమే అది మనకి ఇస్తున్న హెచ్చరిక.

హజార్డ్ ఫ్లాషర్ వేరే రకం. ఎన్ని బల్బులు ఉన్నా బ్లింక్ అయ్యేలా చేస్తారు. ప్రమాదం జరిగి ఒక మూల పగిలినా మిగతావి పనిచేయాలి కదా.

రెండో_గేర్
అలాంటప్పుడు ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందిగా? నేను ఎల్‌ఈడీ బల్బులకి మారుతూ అదే పెట్టాను, ఎప్పుడూ ఒకే వేగం.

పాత_ఇంజన్
ఎల్‌ఈడీ పెట్టినవాళ్లకి అది తప్పనిసరి. ఎల్‌ఈడీ తాగే కరెంటుకి పాత పట్టీ కదలదు. కానీ షెవెల్_70 గారు ఇప్పుడు పెడితే ఏమవుతుంది? ముందు లైటు, డ్యాష్‌బోర్డ్ బాణం హాయిగా బ్లింక్ అవుతాయి, అంతా బాగైందనుకుని రోడ్డెక్కుతారు. వెనక వచ్చే లారీ డ్రైవర్‌కి మాత్రం ఇండికేటరూ కనపడదు, బ్రేక్ లైటూ కనపడదు. ముందు రోగం కుదరాలి, ఆ తర్వాత ఏ ఫ్లాషర్ అయినా సరే. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య బ్లింక్ అయితే చాలు.

ఇంకో మాట. దయచేసి ఈ లైటు బాగయ్యేదాకా రాత్రిపూట కారు తీయకండి. బ్రేక్ తొక్కినప్పుడు ఆరిపోయే లైటు అసలు లేని లైటు కన్నా ప్రమాదం. వెనకవాళ్లు దాన్ని చూసి ఉలిక్కిపడతారు, అర్థం మాత్రం చేసుకోలేరు.

షెవెల్_70
తీయను, మాట ఇస్తున్నాను. ఇప్పుడు ఎర్త్ ఎక్కడ తెగిందో ఎలా పట్టుకోవాలి? బంపర్‌కి క్రోమ్ వేశాక బిగించేటప్పుడు బ్రాకెట్లకి పెయింట్ కూడా కొట్టించాను. దానివల్లేనా?

నట్టు_బోల్టు
అదే అయ్యుండాలి. 70 షెవెల్‌లో వెనక లైట్లు బంపర్‌లోనే ఉంటాయి. లైటు కుండీ (బల్బు హోల్డర్ అమరి ఉండే గిన్నె) బంపర్‌కి, బంపర్ బ్రాకెట్ ద్వారా ఛాసిస్‌కి, ఇదీ ఎర్త్ దారి. పెయింట్ మధ్యలోకి వస్తే దారి మూసుకుంటుంది. ఇంకోటి, ఈ కారులో బాడీ, ఛాసిస్ వేరువేరు, మధ్యలో రబ్బరు బుష్‌లు. కాబట్టి ఛాసిస్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి పట్టీ సరిగా ఉందో లేదో కూడా చూడాలి.

తీగల_లెక్క
బ్రాకెట్ పెయింట్ వల్ల అయితే బంపర్ మొత్తానికి ఎర్త్ పోవాలి, ఎడమ లైటు కూడా ఏడవాలి. ఎడమది బ్రహ్మాండంగా ఉంది. కాబట్టి బంపర్ దాకా ఎర్త్ వచ్చినట్టే. తెగింది కుడి లైటు కుండీకీ బంపర్‌కీ మధ్య, లేదా ఆ కుండీలోనే. ఊహించడం ఎందుకు, మీటర్‌తో అడుగుదాం.

బల్బు పెట్టే ఉంచండి. ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టులకి పెట్టి, నల్ల ప్రోబ్‌ని పొడవాటి వైరుతో నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి కలపండి. ఎర్ర ప్రోబ్‌తో ఒక్కో చోటా తాకుతూ రండి: బల్బు ఇత్తడి ఒళ్లు, హోల్డర్ రేకు, కుండీ, బంపర్ బోల్టు, ఛాసిస్. ఎర్త్ బాగున్న చోట 0.1, 0.2 వోల్టులకి మించి రాకూడదు. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారి మారిపోతుందో తెగింది అక్కడే.

లైటు వెలుగుతున్నప్పుడే కొలవాలి. కరెంటు పారకపోతే తుప్పుపట్టిన జాయింట్ కూడా మీటర్‌కి బాగున్నట్టే కనిపిస్తుంది. చాలామంది బల్బు తీసేసి ఓమ్స్‌లో కొలిచి “అంతా సరిగ్గానే ఉంది” అంటారు. మీటర్ పంపే కరెంటు ఎంత, బల్బు తాగే కరెంటు ఎంత!

బీటిల్_ప్రియ
మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ బ్రేక్ లైటు సమస్యే. వోక్స్‌వ్యాగన్ బీటిల్. రెండు బ్రేక్ లైట్లూ వెలగవు, గట్టిగా, చాలా గట్టిగా తొక్కితే ఒక్కోసారి వెలుగుతాయి. ఇండికేటర్లు బాగున్నాయి. నాక్కూడా ఎర్త్ చూడాలా?

పాత_ఇంజన్
ఎర్త్ ఆఖరున చూద్దాం అమ్మా. బీటిల్‌లో బ్రేక్ ఫిలమెంట్, ఇండికేటర్ బల్బు వేరువేరు, కాబట్టి ఇండికేటర్ స్విచ్‌కి సంబంధం లేదు. షెవెల్‌లో బ్రేక్ స్విచ్ పెడల్ దగ్గర ఉండే బటన్ లాంటిది. మీ బండిలో అలా కాదు, మాస్టర్ సిలిండర్‌కే బిగించి ఉంటుంది, బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పనిచేస్తుంది. గట్టిగా తొక్కితేనే వెలుగుతున్నాయంటే ఆ స్విచ్ మొద్దుబారింది. కీ ఆన్ చేసి, స్విచ్ మీది తీగలు తీసి రెండూ ఒకదానికొకటి ముట్టించండి. తొక్కకుండానే లైట్లు వెలిగితే తప్పు స్విచ్‌దే. వెలగకపోతే ఫ్యూజ్ చూడాలి. బీటిల్ ఫ్యూజులు మొనదేలిన రకం, కొసల దగ్గర పట్టిన మసి కంటికి సరిగా కనపడదు. వేళ్లతో గుండ్రంగా తిప్పినా ఒక్కోసారి లైటు వచ్చేస్తుంది.

షెవెల్_70
కొలిచాను! మా చెల్లి బ్రేక్ తొక్కి పట్టుకుంది.

ఛాసిస్ దగ్గర 0.02. బంపర్ బోల్టు 0.05. కుండీ అంచు 0.06. హోల్డర్ రేకు దగ్గర 11 వోల్టుల పైన! నమ్మలేక మళ్లీ కొలిచాను. అదే.

అంటే కుండీకీ హోల్డర్‌కీ మధ్య. టార్చి వేసి వెనక నుంచి చూస్తే హోల్డర్ రేకు కుండీలోకి నొక్కి బిగించిన చోట చుట్టూ తెల్లటి పొడి, దాని కింద సన్నటి నల్ల గీత. వేలితో తిప్పితే హోల్డర్ గుండ్రంగా తిరుగుతోంది. ఎడమది అంగుళం కూడా కదలదు.

తీగల_లెక్క
దొరికింది. ఆ కుండీ జింకు కలిసిన పోత లోహం, హోల్డర్ ఇనప రేకు. రెండు వేరువేరు లోహాల మధ్య తడి చేరితే ఇలా తెల్లగా పూస్తుంది. బంపర్ విప్పి బిగించేటప్పుడు హోల్డర్ కాస్త కదిలి, మిగిలిన కొద్ది పట్టు కూడా పోయి ఉంటుంది.

ముందు రుజువు చేసుకోండి. ఒక వైరు ఒక కొస హోల్డర్ రేకుకి, రెండో కొస ఛాసిస్ మీద శుభ్రమైన బోల్టుకి తాకించి బ్రేక్ తొక్కమనండి.

షెవెల్_70
వెలిగింది!! ఎడమ లైటుతో సమానంగా. ఇండికేటర్ కూడా వెంటనే బ్లింక్ అయింది. ఎంత ఆనందంగా ఉందో మాటల్లో చెప్పలేను. ఇప్పుడు శాశ్వతంగా ఎలా చేయాలి?

నట్టు_బోల్టు
హోల్డర్ మళ్లీ నొక్కి బిగించడం ఎక్కువకాలం నిలవదు. రేకు అంచుని చిన్న ఇత్తడి బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, నల్ల వైరు ఒకటి సోల్డర్ చేయండి. బల్బు తీసేసి చేయండి, లోపలి స్ప్రింగ్ ఎక్కువ వేడెక్కకూడదు. రెండో కొసకి రింగ్ టెర్మినల్ వేసి ఛాసిస్‌కి బిగించండి, రింగ్ కింద పళ్ల వాషర్ తప్పకుండా ఉండాలి. అది పెయింట్‌ని కొరుక్కుని లోహాన్ని పట్టుకుంటుంది. బిగించాక పైన కాస్త గ్రీజు. ఎడమవైపు కూడా ఇదే పని చేసేయండి, దానిదీ అదే వయసు.

షెవెల్_70
రెండు వైపులా చేశాను. కుడి, ఎడమ, హజార్డ్, బ్రేక్, టెయిల్, అన్నీ సరిగా ఉన్నాయి. ఈసారి రాత్రి గోడకి దగ్గరగా పెట్టి వెలుగు చూసుకున్నాను, రెండూ సమానం.

కానీ ఇంకో చిన్న అనుమానం. ఎడమ ఇండికేటర్ వేసి, మలుపు తిరిగాక లీవర్ తనంతట తాను మధ్యలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత బ్రేక్ తొక్కితే ఒక్కోసారి ఎడమ బ్రేక్ లైటు రావడం లేదు. లీవర్‌ని వేలితో కాస్త కదిపితే వస్తోంది. గోడ మీద వెలుగు చూస్తుండగా బయటపడింది. ఇది ఇంతకుముందు నుంచీ ఉందో, ఇప్పుడే మొదలైందో తెలియదు.

తీగల_లెక్క
ఇది మాత్రం స్విచ్చే. నట్టు_బోల్టు గారి మొదటి మాట ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది.

లీవర్ మధ్యలో ఉంటేనే బ్రేక్ కరెంటు రెండు వైపులకీ పోతుంది. ఎడమకి వేస్తే ఎడమ తీగ బ్రేక్ నుంచి విడిపోయి ఫ్లాషర్‌కి కలుస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ కింది ప్లాస్టిక్ క్యామ్ లీవర్‌ని వెనక్కి తోస్తుంది. స్ప్రింగ్ నీరసించినా, ప్లాస్టిక్ అరిగినా పూర్తిగా మధ్యలోకి రాదు, వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది. కంటికి మధ్యలోనే ఉన్నట్టు ఉంటుంది, లోపల కాంటాక్ట్ మాత్రం కలవదు.

విప్పే ముందు ఇది కూడా రుజువు చేసుకోండి. కాలమ్ అడుగున అర్ధచంద్రాకారంలో ప్లగ్ ఉంటుంది. షెవర్లేలో రంగులు ఇవి: తెల్లది బ్రేక్ స్విచ్ నుంచి వచ్చేది. ఊదా రంగుది ఇండికేటర్ ఫ్లాషర్ నుంచి, గోధుమ రంగుది హజార్డ్ ఫ్లాషర్ నుంచి. పసుపుది వెనక ఎడమకి, ముదురు ఆకుపచ్చది వెనక కుడికి. లేత నీలం ముందు ఎడమ, ముదురు నీలం ముందు కుడి. నల్లది హారన్‌ది, దాని జోలికి వెళ్లొద్దు. ఎడమ లైటు రాని క్షణంలో, బ్రేక్ తొక్కి పట్టుకుని, ప్లగ్ వెనక నుంచి టెస్ట్ ల్యాంప్ తెల్ల తీగకి ముట్టించండి, తర్వాత పసుపుకి. తెల్లలో వెలిగి, పసుపులో వెలగకపోతే స్విచ్ లోపల తెగినట్టే.

షెవెల్_70
చూశాను. తెల్లలో టెస్ట్ ల్యాంప్ గట్టిగా వెలిగింది. ఆకుపచ్చలోనూ వెలిగింది. పసుపులో లేదు. లీవర్‌ని కొంచెం తోయగానే పసుపులోనూ వచ్చింది. హజార్డ్ గుబ్బ నాలుగైదుసార్లు నొక్కి లాగి చూశాను, కొంచెం నయమైంది కానీ పూర్తిగా పోలేదు.

కాబట్టి స్టీరింగ్ విప్పక తప్పదు. ఈసారి ఎందుకు విప్పుతున్నానో తెలుసు కాబట్టి భయం లేదు. జాగ్రత్తలు చెప్పండి.

నట్టు_బోల్టు
నేను చెప్తాను, ఈ పని నాకు చాలా ఇష్టం.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్‌కీ షాఫ్ట్‌కీ కలిపి ఒక గుర్తు గీసుకోండి. హారన్ మూత తీసి, నట్టు విప్పి, స్టీరింగ్ పుల్లర్‌తోనే లాగాలి. షాఫ్ట్ మీద సుత్తి వేయనే కూడదు. జనరల్ మోటార్స్ 1967 మోడళ్ల నుంచి ప్రమాదంలో కుదించుకుపోయే స్టీరింగ్ కాలమ్ పెట్టింది. లోపల ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి, ఢీకొన్నప్పుడు అవి తెగి కాలమ్ ముడుచుకోవాలి. సుత్తి దెబ్బకి అవి అప్పుడే తెగిపోతే కాలమ్ మొత్తం లూజైపోతుంది. స్టీరింగ్ పని అంటే నేను భయపడేది ఈ ఒక్కదానికే.

స్టీరింగ్ కింద లాక్ ప్లేట్ ఉంటుంది, వెనక బలమైన స్ప్రింగ్. దాన్ని నొక్కిపట్టే ప్రెస్ టూల్ పెట్టి, షాఫ్ట్ గాడిలోని రింగ్ తీయాలి. టూల్ లేకుండా స్క్రూడ్రైవర్లతో కుస్తీ పడితే రింగ్ ఎగిరి కంట్లో పడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. ఆ తర్వాత క్యామ్, లీవర్ స్క్రూ, హజార్డ్ గుబ్బ స్క్రూ, స్విచ్ మూడు స్క్రూలు.

అసలు కిటుకు తీగల దగ్గర. పాత స్విచ్ పైకి లాగే ముందు దాని ప్లగ్‌కి గట్టి పురికొస కట్టండి. స్విచ్ పైకి వచ్చేసరికి పురికొస కాలమ్ లోపల పరుచుకుని ఉంటుంది. కొత్త స్విచ్ తీగల్ని దానికి కట్టి కిందనుంచి లాగితే సునాయాసంగా దిగుతాయి. పురికొస లేకుండా ఆ సందులో తీగలు దింపడం నరకం.

మైనర్_1000
షెవెల్ కాలమ్ సంగతి నాకు తెలియదు, కానీ ఈ చర్చ చదువుతుంటే మోరిస్ మైనర్ గుర్తొచ్చింది. దీంట్లో 1961లో, బయటికి చాచుకునే సెమాఫోర్ చేతులు పోయి ఫ్లాషర్లు వచ్చాయి. మొదట్లో వెనక బ్రేక్ ఫిలమెంటే ఇండికేటర్ పని కూడా చేసేది. కానీ బ్రేక్ కరెంటుని మళ్లించే పని లీవర్ స్విచ్‌లో పెట్టలేదు. లూకాస్ డీబీ10 అనే రిలే పెట్టె ఒకటి బానెట్ కింద ఉంటుంది. కుడికి ఒక రిలే, ఎడమకి ఒకటి. ఇండికేటర్ వేసిన వైపు రిలే లాక్కుని, ఆ లైటుని బ్రేక్ నుంచి విడదీసి ఫ్లాషర్‌కి కలుపుతుంది. కాబట్టి మైనర్ ఉన్నవాళ్లకి ఇవే లక్షణాలు వస్తే స్టీరింగ్ విప్పకండి. ముందు డీబీ10 మూత తీసి కాంటాక్టుల మీద సన్నటి కాగితం జరపండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

షెవెల్_70
స్విచ్ మార్చాను. పురికొస చిట్కా బంగారం! కొత్త స్విచ్ లీవర్ మధ్యలోకి వచ్చేటప్పుడు టక్కుమని గట్టిగా కూర్చుంటోంది, పాతది ఇంత చప్పుడే చేసేది కాదు. పాత స్విచ్ విప్పి చూశాను, ఎడమవైపు రిటర్న్ స్ప్రింగ్ మొన విరిగి ఉంది, ఇత్తడి కాంటాక్ట్ మీద పసుపు తీగ వైపు నల్లటి గుంట. ఎడమకి, కుడికి వేసి, మలుపులు తిప్పి, ప్రతిసారీ బ్రేక్ తొక్కి చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు. మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

తీగల_లెక్క
చాలా సంతోషం. ఒక్క పని మిగిలింది. డిక్కీలో ట్రైలర్ కోసం ఎవరైనా పాత ఓనర్ పసుపు, ఆకుపచ్చ తీగలకి క్లిప్పులు నొక్కి కొత్త వైర్లు లాగారేమో చూడండి. ఆ క్లిప్పులు తీగని సగం కోసి పట్టుకుంటాయి, లోపల తడి చేరుతుంది. ఉంటే తీసేసి, ఆ చోట తీగ కత్తిరించి సోల్డర్ చేసి స్లీవ్ వేయండి.

షెవెల్_70
ఒకటి ఉంది, ఆకుపచ్చ తీగ మీద! నీలం ప్లాస్టిక్ క్లిప్పు. విప్పితే రాగి పచ్చగా మారి, నాలుగైదు పోగులే మిగిలాయి. రేపు పొద్దున్నే సోల్డర్ చేస్తాను.

బీటిల్_ప్రియ
నాదీ చెప్పేస్తాను. రెండు తీగలు ముట్టించగానే రెండు బ్రేక్ లైట్లూ వెలిగాయి, స్విచ్చే. పాతది విప్పగానే కొత్తది వెంటనే బిగించాము, ఆయిల్ కొద్దిగానే కారింది. తర్వాత నాలుగు చక్రాల బ్రేక్ లైన్లలో చేరిన గాలి తీయించాను. ఇప్పుడు పాదం ఆనించి కొంచెం నొక్కితే చాలు, వెలుగుతున్నాయి.